చెత్త మంటల పక్కన పాడి: డయాక్సిన్ కొలవాలంటే గేదె కంటే ముందు కోడిని చూడండి

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఊరికి కిలోమీటరున్నర దూరంలో మునిసిపాలిటీ డంపింగ్ యార్డు ఉంది. ఎండాకాలం చెత్త కుప్పలు వారాల తరబడి రగులుతాయి, పక్కనే వైర్లు కాల్చి రాగి తీసేవాళ్లూ ఉన్నారు. ఊళ్లో నలభై పాడి గేదెలు, ఇంటింటా నాటుకోళ్లు ఉన్నాయి. పాలల్లో డయాక్సిన్ (ప్లాస్టిక్, కేబుళ్లు కాలితే పుట్టి కొవ్వులో పేరుకునే విషం) ఉందో లేదో ఎలా కొలవాలి, ఎన్ని సాంపిళ్లు పంపాలి, వచ్చిన అంకెను బట్టి తినేవాళ్లకు ప్రమాదం ఉందో లేదో ఎలా చెప్పాలి అని అడిగినాయన పశువైద్యుడు. కనుక మొదటి పాఠాలు వదిలేసి పనికొచ్చే చోట మొదలుపెడతాను.

ముందే ఒక మాట. డబ్బు రెండు మూడు సాంపిళ్లకే ఉంటే గేదె పాలతో మొదలుపెట్టకండి. పెరటి కోడి గుడ్లు, ఆ కోళ్లు గీరే మట్టి పంపండి. ఇలాంటి చోట్ల పాలు శుభ్రంగా ఉండి గుడ్లు పరిమితి దాటడం తరచుగా జరిగేదే. గుడ్లు శుభ్రంగా ఉండి పాలు మాత్రమే చెడితే ఆ తప్పు ఊరి గాలిలోనో మట్టిలోనో ఉండే అవకాశం తక్కువ. బయటనుంచి కొన్న దాణాలో వెతకాలి.

కారణం తేలికే. డయాక్సిన్ నీళ్లలో కరగదు, వేర్ల ద్వారా మొక్కలోకి పెద్దగా ఎక్కదు. మసిగా, బూడిదగా వచ్చి ఆకు మీద, పై మట్టిలో కూర్చుంటుంది. కోడి బతుకంతా ఆ పై మట్టిలోనే గడుస్తుంది. ఆరుబయట తిరిగే కోడి రోజుకు 10 నుంచి 30 గ్రాముల మట్టి మింగుతుంది. ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. మట్టిలో గ్రాముకు 4 పికోగ్రాముల విషం ఉంది, కోడి రోజుకు 15 గ్రాములు మింగింది, అంటే 60 పికోగ్రాములు. మట్టికి పట్టుకున్నది పూర్తిగా ఒంటబట్టదు కాబట్టి నాలుగో వంతే గుడ్డులోకి చేరిందనుకున్నా 15 పికోగ్రాములు. రోజుకో గుడ్డు, గుడ్డులో 5 గ్రాముల కొవ్వు అనుకుంటే గ్రాము కొవ్వుకు 3 పికోగ్రాములు. యూరప్ పరిమితి 2.5. కాలుష్యం పెద్దగా లేని పల్లె నేలల్లోనూ 1 నుంచి 5 పికోగ్రాములు కనిపించడం మామూలే. అంటే బూడిద పడ్డ పెరడు గుడ్డును పాడు చేయడానికి ఎక్కువ విషం అక్కర్లేదు. పైగా నాటుకోడి పెట్టే గుడ్లు తక్కువ, ఒంట్లో చేరినది ఆ కొద్ది గుడ్లలోకే సర్దుకోవాలి కాబట్టి గాఢత ఇంకా పెరగవచ్చు.

ఈ అంకెలు ఎంత చిన్నవో ఒకసారి ఊహించుకోండి. గ్రాముకు 1 పికోగ్రాము అంటే పది లక్షల టన్నుల నెయ్యిలో 1 గ్రాము. పాలకేంద్రంలో ఉండే ఏ పరికరమూ దీని దరిదాపుల్లోకి రాదు. ఈ విషయంలో కిట్లు, స్ట్రిప్పులు అమ్మేవాళ్ల మాట నమ్మకండి.

కొలిచేది ఒక్క పదార్థాన్ని కాదు. డయాక్సిన్లలో 75 రకాలు, వాటి దగ్గరి చుట్టాలైన ఫ్యూరాన్లలో 135, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో ఉండే పీసీబీల్లో 209 ఉన్నాయి. వీటిలో ఒంట్లో నిలిచి ఒకే పద్ధతిలో దెబ్బతీసేవి 29: డయాక్సిన్లు 7, ఫ్యూరాన్లు 10, డయాక్సిన్ లాంటి పీసీబీలు 12. అన్నింటికంటే విషమైన 2,3,7,8-టీసీడీడీకి గుణకం 1 ఇచ్చి, మిగతావాటికి దానితో పోల్చి గుణకం ఇస్తారు. ఒక్కో రకం గాఢతను దాని గుణకంతో గుణించి, అన్నీ కూడితే వచ్చేది టీఈక్యూ, అంటే ఆ విషమంతా టీసీడీడీయే అయితే ఎంత ఉండేదో చెప్పే అంకె. ఉదాహరణకు ఒక గుడ్డు రిపోర్టులో, గ్రాము కొవ్వుకు పికోగ్రాముల్లో, టీసీడీడీ 0.4, 1,2,3,7,8-పెంటా డయాక్సిన్ 0.9, 2,3,4,7,8-పెంటా ఫ్యూరాన్ 3.0, పీసీబీ-126 12, ఆక్టా డయాక్సిన్ (ఓసీడీడీ) 20 ఉన్నాయనుకోండి. 2005 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ గుణకాలు వరుసగా 1, 1, 0.3, 0.1, 0.0003. గుణిస్తే 0.4, 0.9, 0.9, 1.2, 0.006. మొత్తం సుమారు 3.4. రిపోర్టులో అన్నింటికంటే పెద్ద అంకె ఓసీడీడీది, విషంలో దాని వాటా సున్నాతో సమానం. దాన్ని చూసి బెంబేలెత్తే వార్తలు చాలాసార్లు ఇక్కడే తప్పుతాయి.

గుణకాల సంగతిలో ఇంకొక చిక్కు ఉంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుణకాలు మార్చింది. పెంటా డయాక్సిన్ 1 నుంచి 0.4కి, పైన చెప్పిన పెంటా ఫ్యూరాన్ 0.3 నుంచి 0.1కి, పీసీబీ-126 0.1 నుంచి 0.05కి దిగాయి. పై గుడ్డునే కొత్త గుణకాలతో లెక్కిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. గుడ్డు మారలేదు, లెక్క మారింది. యూరప్ 2023/915 నిబంధనలోని పరిమితులు 2005 గుణకాలతో కట్టినవి. కాబట్టి కొత్త గుణకాలతో వచ్చిన అంకెను ఆ పరిమితులతో పోల్చకూడదు. రిపోర్టు మీద ఏ ఏడాది గుణకాలు వాడారో రాయించుకోండి. ఒక్కో రకం విడి అంకె కూడా అడిగి తీసుకోండి, రేపు ఏ గుణకంతోనైనా మళ్లీ లెక్కించుకోవచ్చు.

ఆ నిబంధనలో పాలకు గ్రాము కొవ్వుకు డయాక్సిన్లు, ఫ్యూరాన్లు కలిపి 2.0, పీసీబీలతో సహా 4.0 పికోగ్రాములు. కోడిగుడ్లకు 2.5, 5.0. ఆవు, గొర్రె మాంసానికి 2.5, 4.0. కోడి మాంసానికి 1.75, 3.0. పంది మాంసానికి 1.0, 1.25. అన్నీ కొవ్వు మీద లెక్కే, కాలేయం తప్ప. ఈ విషాన్ని కాలేయంలోని ఒక ఎంజైము పట్టి ఉంచుతుంది కాబట్టి అక్కడ కొవ్వుతో నిమిత్తం లేకుండా పేరుకుంటుంది. అందుకే దానికి మొత్తం బరువు మీద వేరే పరిమితి. గొర్రె కాలేయంలో ఇది మరీ ఎక్కువ, మాంసం శుభ్రంగా ఉన్న గొర్రెలోనూ కాలేయం పట్టుబడుతుంది.

ఇక సాంపిల్. ఈ పనిలో సగానికి సగం ఇక్కడే తేలుతుంది.

గుడ్లు: ఒక్కో ఇంటినుంచి ఒక సాంపిల్, కనీసం 12 గుడ్లు. వేర్వేరు ఇళ్ల గుడ్లు కలపకండి. ఒక పెరట్లో కేబుల్ బూడిద ఉండి పక్క పెరట్లో ఏమీ లేకపోవచ్చు, కలిపితే రెండూ మసకబారతాయి. యార్డుకు గాలి వాలున ఉన్న రెండు మూడు ఇళ్లు, ఎదురు దిక్కున ఒక ఇల్లు, పది కిలోమీటర్ల అవతల పోలికకు ఒక ఇల్లు తీసుకుంటే ఒక బొమ్మ కనిపిస్తుంది. పోలిక సాంపిల్ లేకుండా పంపిన అంకెతో ఎవరినీ ఒప్పించలేరు. గుడ్లు తీసిన రోజే ఆ పెరట్లో ఐదు చోట్ల పై 5 సెంటీమీటర్ల మట్టి స్టీలు చెంచాతో తీసి కలపండి. కోళ్లు దుమ్ములో పొర్లే గుంట, పొయ్యి బూడిద పోసే మూల తప్పక అందులో ఉండాలి.

పాలు: పాలకేంద్రం క్యాన్ నుంచి తీయకండి. అక్కడ ముప్పై ఇళ్ల పాలు కలిసి ఉంటాయి. గేదెలను మేత బట్టి రెండు మూడు గుంపులు చేయండి, యార్డు వైపు మేసేవి, ఇంట్లోనే కట్టేసి వరిగడ్డి వేసేవి ఇలా. ఒక్కో గుంపు నుంచి ఉదయం, సాయంత్రం పాలు ఇచ్చిన పరిమాణం ప్రకారం కలిపి లీటరు తీయండి. ఈనిన తొలి వారాల్లో గేదె తన ఒంటి కొవ్వు కరిగించి పాలిస్తుంది, ఏళ్లుగా దాచుకున్న విషం అప్పుడు ఎక్కువగా దిగుతుంది. తొలి ఈత గేదెలోనూ అంతే. కాబట్టి ఈని రెండు మూడు నెలలైన గేదెలను తీసుకోండి, లేదా కనీసం ఎన్నో ఈత, ఈని ఎన్నాళ్లయింది రాసి పెట్టండి. ఇవి లేకుండా ఎండాకాలం పాలను వానాకాలం పాలతో పోలిస్తే దొరికేది ఈతల తేడా, మంటల తేడా కాదు.

సీసా ముదురు రంగు గాజుది, అసిటోన్ తోనూ తరవాత హెక్సేన్ తోనూ కడిగింది. మూతలో రబ్బరు వద్దు, టెఫ్లాన్ లేదా కడిగిన అల్యూమినియం ఫాయిల్ పెట్టాలి. కొవ్వు పట్టే మెత్తటి ప్లాస్టిక్ సంచులు పనికిరావు. ఫార్మలిన్, డైక్రోమేట్ వేయకండి, మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టిస్తే చాలు. సీసా నిండా పోస్తే గడ్డకట్టి పగులుతుంది, ఐదో వంతు ఖాళీ ఉంచండి. ఇంకొకటి: దారిలో కుదుపులకు పాలు చిలికి వెన్న గోడలకు అంటుకుంటుంది. విషమంతా ఆ వెన్నలోనే ఉంటుంది. ల్యాబు పైనుంచి కొంత ఒంపుకుని తూచితే అంకె తారుమారు. సీసా మొత్తం వాడి, గోడల్ని సాల్వెంట్ తో కడిగి అదీ కలపమని కాగితం మీద రాయండి. పంపే ముందు పాలకేంద్రంలో గెర్బర్ పరీక్షతో ఫ్యాట్ శాతం చూసి రాసుకోండి. ల్యాబు రిపోర్టులో కొవ్వు శాతం ఇస్తారు. మీది 7.2 ఉండి వాళ్లది 4.8 వస్తే కొవ్వు పూర్తిగా తీయలేదన్నమాట, ఆ టీఈక్యూ అంకెను నమ్మనక్కర్లేదు. ల్యాబును పరీక్షించడానికి ఇంతకంటే చవకైన దారి లేదు.

మాంసానికైతే మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు 50 నుంచి 100 గ్రాములు, కోడికైతే పొట్ట కొవ్వు. బతికున్న పశువుకు తోక మొదట్లో చిన్న కోత పెట్టి కొన్ని గ్రాముల కొవ్వు తీయవచ్చు, ఒట్టిపోయిన గేదెల్లో ఇది పనికొస్తుంది.

మేత సాంపిల్ ను చాలామంది మరచిపోతారు. పచ్చిగడ్డి, వరిగడ్డి, తవుడు, చెక్క, మినరల్ మిక్స్చర్ విడివిడిగా అరకిలో చొప్పున తీసి ఫ్రీజరులో పెట్టండి. ఇప్పుడే పరీక్ష చేయించక్కర్లేదు. పాలు చెడ్డాయని తేలిన రోజు ఆ దాణా మూట అప్పటికే అయిపోయి ఉంటుంది. 1999 బెల్జియంలో ఇదే జరిగింది. జనవరిలో పీసీబీ నూనె కలిసిన కొవ్వు దాణాలోకి వెళ్లింది, ఫిబ్రవరికల్లా గుడ్లు పొదగకపోవడం, కోడిపిల్లల ఒంట్లో నీరు చేరడం కనిపించాయి, డయాక్సిన్ అని తేలేసరికి ఏప్రిల్ చివర, జనానికి తెలిసేసరికి మే చివర. అప్పటికి సుమారు 500 టన్నుల దాణా తిని అయిపోయింది.

ల్యాబులో ఏం జరుగుతుందో తెలిస్తే ఏ ప్రశ్నలు వేయాలో తెలుస్తుంది. సాంపిల్ తూచగానే, కొవ్వు తీయకముందే, బరువైన కార్బన్-13 పరమాణువులతో తయారైన అవే రకాలను తెలిసిన మోతాదులో కలుపుతారు. దారిలో ఎంత పోయినా అసలుదీ దీనిదీ ఒకే నిష్పత్తిలో పోతుంది కాబట్టి చివర లెక్క సరిపోతుంది. కొవ్వు తీశాక కలిపితే ఈ ధీమా మొత్తం పోయినట్టే. తర్వాత 3 నుంచి 5 గ్రాముల కొవ్వును గంధకామ్లం (44 శాతం) పట్టించిన సిలికా గుండా పంపుతారు. కొవ్వంతా ఆమ్లంలో మాడిపోతుంది, డయాక్సిన్ చెక్కుచెదరదు. ఆమ్ల సిలికా సరిపోకపోతే గోధుమరంగు పట్టీ కాలమ్ అడుగుదాకా దిగుతుంది, అలా దిగితే మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఆపై అల్యూమినా, తర్వాత కార్బన్ కాలమ్. బల్లపరుపుగా ఉండే అణువులు కార్బన్ కు అంటుకుంటాయి, టోలుయీన్ ను వెనకనుంచి పంపితే అవి విడతాయి. చివరికి 10, 20 మైక్రోలీటర్ల నోనేన్ దాకా తగ్గిస్తారు. ఇక్కడ పూర్తిగా ఎండబెడితే తేలికపాటి నాలుగు క్లోరిన్ల రకాలు ఎగిరిపోతాయి. కొవ్వు తీసేయడానికి వేడి క్షారంతో సబ్బు చేసే పాత పద్ధతి వాడితే ఎనిమిది క్లోరిన్ల రకాలు విరిగి చిన్నవిగా మారతాయి, లేని విషం ఉన్నట్టు కనిపిస్తుంది.

అప్పుడు 60 మీటర్ల సన్నని కాలమ్ ఉన్న గ్యాస్ క్రొమటోగ్రాఫ్, దాని వెనక 10,000 రిజల్యూషన్ ఉన్న మాస్ స్పెక్ట్రోమీటర్. ట్రిపుల్ క్వాడ్రుపోల్ అనే మరో రకం మాస్ స్పెక్ట్రోమీటర్ ను కూడా 2014 నుంచి యూరప్ నిర్ధారణ పరీక్షకు ఒప్పుకుంటోంది. మన దగ్గర ఒక ప్రత్యేక తలనొప్పి ఉంది. డీడీటీ విరిగితే మిగిలే డీడీఈ ఇక్కడి పాలలో, గుడ్లలో ఉండే అవకాశం ఎక్కువ. దాని అణుభారపు శిఖరం ఒకటి టీసీడీడీ కొలిచే చోటికి అతి దగ్గరగా వస్తుంది. శుభ్రపరచడం సరిగా లేకపోతే గుణకం 1 ఉన్న రకమే తప్పు అంకె చూపిస్తుంది. రెండు అయాన్ల నిష్పత్తి సిద్ధాంతపు విలువకు 15 శాతం లోపు ఉందా అని అడగండి, డీడీఈ దొంగచాటుగా దూరితే అక్కడ పట్టుబడుతుంది.

రిపోర్టులో చూడాల్సినవి మరి కొన్ని. కలిపిన కార్బన్-13 ప్రమాణాల రికవరీ 60 నుంచి 120 శాతం మధ్య ఉండాలి. ప్రతి బ్యాచ్ లో ఖాళీ సాంపిల్ నడిపి ఉండాలి, ఎందుకంటే ఓసీడీడీ, పీసీబీ-118 ల్యాబు గాలిలోనూ పాత రబ్బరు సీళ్లలోనూ ఉంటాయి. అన్నింటికంటే ముఖ్యం, టీఈక్యూను రెండు విధాల ఇవ్వాలి. కనిపించని రకాలను సున్నా అనుకుని ఒకటి, అవి కొలవగల కనిష్ఠ మోతాదులోనే ఉన్నాయనుకుని ఇంకొకటి. గ్రాము కొవ్వుకు సుమారు 1 పికోగ్రాము ఉన్న సాంపిల్ లో ఈ రెండింటి తేడా 20 శాతం దాటకూడదు. పాల రిపోర్టులో కింది అంకె 0.1, పై అంకె 1.8 అని వస్తే ఆ యంత్రానికి చూపు ఆనలేదని అర్థం. పాలు మంచివనీ కాదు, చెడ్డవనీ కాదు. పొగగొట్టాల వాయువు కొలిచే ల్యాబులు చాలా ఉన్నాయి, వాటి గుర్తింపు పత్రంలో డయాక్సిన్ అనే మాట కూడా ఉంటుంది, కానీ వాళ్ల చూపు చిమ్నీకి సరిపోతుంది, పాలకు సరిపోదు. ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) పత్రంలో పాలు లేదా గుడ్లు అనే మాట, ఒక్కో రకానికి కొలవగల కనిష్ఠం అడగండి. మన దేశంలో ఈ రంగంలో మొదట అడుగుపెట్టిన వాటిలో తిరువనంతపురంలోని సీఎస్ఐఆర్-నిస్ట్ సంస్థ ఒకటి, సలహాకైనా అక్కడ అడగవచ్చు.

చవక దారులు రెండున్నాయి. ఒకటి డీఆర్ కాలక్స్. డయాక్సిన్ తగిలితే మిణుగురులా వెలుగిచ్చేలా మార్చిన ఎలుక కాలేయ కణాలతో చేసే పరీక్ష ఇది. ఏ రకం ఎంత ఉందో చెప్పదు, అనుమానం ఉన్న సాంపిళ్లను ఏరి ఇస్తుంది. రెండోది ఆరు సూచిక పీసీబీలు (28, 52, 101, 138, 153, 180) సాధారణ గ్యాస్ క్రొమటోగ్రాఫ్ మీద కొలవడం. ఐర్లండ్ లో 2008లో పంది మాంసం కలుషితం మొదట ఇలా పీసీబీల్లోనే బయటపడింది. కానీ మీ ఊరి సంగతి వేరు. ట్రాన్స్‌ఫార్మర్ నూనె కలిస్తే పీసీబీలు పెరుగుతాయి, చెత్తా కేబుళ్లూ కాలితే ఫ్యూరాన్లు పెరుగుతాయి. పీసీబీ పరీక్ష శుభ్రంగా వచ్చిందని చెత్త మంటల విషయంలో నిశ్చింతగా ఉండకూడదు.

మూలం పట్టుకోవడానికి రకాల వరుస వేలిముద్రలా పనికొస్తుంది. మంటల్లో ఫ్యూరాన్లది పైచేయి. చెడిపోకుండా పెంటాక్లోరోఫినాల్ అనే మందు పూసిన కలపలో ఎక్కువ క్లోరిన్ల డయాక్సిన్లు. 1997లో అమెరికాలో కోళ్ల దాణాలో కలిసిన మిసిసిపీ బంకమట్టిలో డయాక్సిన్లే, ఫ్యూరాన్లు దాదాపు లేవు. అయితే ఈ వేలిముద్రను పాలలో వెతికితే దొరకదు. తిన్న టీసీడీడీలో మూడో వంతుకు పైగా పాలలోకి దిగుతుంది, ఓసీడీడీలో నూటికి ఒకటో రెండో. 2,3,7,8-టీసీడీఎఫ్ అనే ఫ్యూరాన్‌ను ఆవు కాలేయం విరిచేస్తుంది, కోడి అంతగా విరవలేదు. అందుకే కేబుల్ మంటల ముద్ర పాలలో చెరిగిపోయి గుడ్డులో మిగులుతుంది. పోల్చాల్సింది మట్టి, బూడిద, మేత, గుడ్డు. పాలు చివరన. వెతికేటప్పుడు యార్డునే చూస్తూ కొట్టాన్ని మరచిపోకండి. దోమల పొగకు టైరు ముక్కలు, ప్లాస్టిక్ వేసే అలవాటు, అలా మందు పూసిన పాత కలపతో కట్టిన గాడి, వాడేసిన నూనె పూసిన దూలం, వీటిలో ఏదైనా కావచ్చు. అమెరికాలో 1990ల సర్వేలో మాంసంలో ఎక్కువ తేలిన పశువులకు కారణం ఆ కలపతో చేసిన తొట్లే. పెంటాక్లోరోఫినాల్ మనకూ పరాయిది కాదు, 2007లో మన గోరుచిక్కుడు గమ్ యూరప్ లో పట్టుబడింది దానితోనే.

ఇప్పుడు ప్రమాదం లెక్క. చాలామంది పరిమితిలోపు ఉంటే క్షేమం, దాటితే విషం అనుకుంటారు. పరిమితి మార్కెట్ సరుకుకు గీసిన గీత, ఆరోగ్యానికి గీసిన గీత వేరే ఉంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో వారానికి కిలో శరీర బరువుకు 2 పికోగ్రాములు అని నిర్ణయించింది, అంతకుముందున్న 14కి ఏడో వంతు. 60 కిలోల మనిషికి వారానికి 120 పికోగ్రాములు. ఆయన రోజుకు 300 మిల్లీలీటర్ల గేదె పాలు తాగుతాడు, ఫ్యాట్ 7 శాతం, కొవ్వు 21 గ్రాములు. పాలు సరిగ్గా పరిమితి దగ్గర, 2.0 ఉంటే రోజుకు 42, వారానికి 294. చట్టం ప్రకారం పాసైన పాలతోనే, పీసీబీలు కలపకముందే, రెండున్నర రెట్లు. 15 కిలోల పిల్లవాడు 250 మిల్లీలీటర్లు తాగితే కిలోకు వారానికి 16 దాకా వస్తుంది. కొవ్వు గ్రాముకు అదే అంకె ఉన్న ఆవు పాలు (4 శాతం) తాగితే గ్లాసుకు దాదాపు సగమే. కొవ్వు మీద ఇచ్చే అంకె ఈ తేడాను దాచేస్తుంది, మన పాడి ఎక్కువగా గేదెదే కాబట్టి మనం దీన్ని మరవకూడదు.

అలాగని ఒక్క రిపోర్టు చూసి ఊరిని భయపెట్టనూ కూడదు. ఈ వారపు అంకె ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకునే దానికి కట్టినది, మనిషి ఒంట్లో టీసీడీడీ సగం తగ్గడానికి ఏడేళ్లు పడుతుంది. నాలుగు వారాలు ఎక్కువ తిన్నందుకు ఏదో కనిపిస్తుందని కాదు, చిన్నతనం నుంచి కాన్పు వయసు దాకా అలా తింటూ పోతే అన్నదే లెక్క. కాబట్టి ముందు కాపాడాల్సింది ఆడపిల్లలను, పసివాళ్లను. తల్లిపాలు మాన్పించమని మాత్రం ఎవరికీ చెప్పకండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పదు.

కాచినా, తోడుపెట్టినా ఇది పోదు. విషం వెన్నవెంటే వెళుతుంది. మజ్జిగలో దాదాపు ఉండదు, నెయ్యిలో మొత్తం ఉంటుంది. పాలు అమ్మేసి నెయ్యి ఇంట్లో ఉంచుకునే ఇంటికి అసలు మోతాదు నెయ్యి నుంచే వస్తుంది. సర్వే చేసేటప్పుడు ఎన్ని పాలు తాగుతారని మాత్రమే అడిగితే సగం లెక్క జారిపోతుంది.

మేత వైపునుంచి కూడా తిరగేసి చూడండి. 8 లీటర్ల గేదె పాలలో 560 గ్రాముల కొవ్వు. 2.0 చేరాలంటే రోజుకు 1,120 పికోగ్రాములు పాలలోకి రావాలి. తిన్నదాంట్లో మూడో వంతు దిగుతుందనుకుంటే (ఇది ఆవుల మీద చేసిన ప్రయోగాల అంకె) రోజుకు సుమారు 3,400 తినాలి. రోజుకు 12 కిలోల ఎండు మేతకు ఇది కిలోకు 0.28 నానోగ్రాములు. యూరప్ లో మొక్కల మేతకు ఒప్పుకునే గరిష్ఠం 0.75. అంటే చట్టబద్ధమైన మేతతోనూ పాలు పరిమితి దాటవచ్చు. పొట్టి గడ్డి పీక్కుతినే గేదె మేతతో పాటు మట్టి కూడా మింగుతుంది, రోజుకు అరకిలో మట్టి, అందులో కిలోకు 5 నానోగ్రాములు ఉంటే అదే 2,500. ఇటలీలోని కంపానియాలో 2008లో గేదె పాల మోజరెల్లా చీజ్ చిక్కుల్లో పడింది కూడా చెత్త తగలబెట్టే నేలల మధ్య మేపినందుకే.

అంకె పరిమితి చుట్టుపక్కల వస్తే తొందరపడకండి. గుడ్లలో 2.9 వచ్చింది, కొలతలో అనిశ్చితి 20 శాతం అయితే 0.58 తీసేయగా 2.32, చట్టం దృష్టిలో దాటినట్టు కాదు. దాటిందని తేల్చాలంటే రెండోసారి, వేరుగా కొవ్వు తీసి చేయాలి. అందుకే లీటరు పాలు తీయమన్నది, డజను గుడ్లు తీయమన్నది. సగం ల్యాబులో, సగం మీ దగ్గర సీలుతో ఉండాలి.

దాటితే ఏం చేయాలి? కోళ్ల విషయం సులువు. ఆ పెరట్లోంచి తీసి గచ్చు మీదో, బయటనుంచి తెచ్చిన మట్టి పోసిన దడిలోపలో ఉంచండి, గింజలు నేలమీద చల్లకుండా తొట్లో వేయండి, బూడిద కుప్పను, పై పొర మట్టిని తీసేయండి. గుడ్లలో విషం సుమారు నెలకు సగం అవుతుంది. ఎనిమిది వారాల తర్వాత మళ్లీ ఒక డజను పంపితే నాలుగో వంతు దగ్గర కనిపించాలి. అంతకంటే ఎక్కువ ఉంటే కోడి ఇంకా ఎక్కడో మట్టి తింటోంది. గేదెకు 40 నుంచి 60 రోజులకు సగం. 8 పికోగ్రాములున్న పాలు 2కి రావడానికి, మేత పూర్తిగా మార్చినా, మూడు నాలుగు నెలలు పడుతుంది. మధ్యలో ఒట్టిపోతే గడియారం దాదాపు ఆగినట్టే. పాలు లేవు కాబట్టి విషం బయటికి వెళ్లే దారీ లేదు, ఈనగానే మళ్లీ పైకి లేస్తుంది. కాబట్టి చూడి గేదెలకు మేత ముందుగా మార్చండి, పాలిచ్చే వాటికి తర్వాత. మొదటి సాంపిల్ తీసిన అదే గేదెల గుంపు నుంచి అరవయ్యో రోజు, నూట ఇరవయ్యో రోజు పాలు తీయండి, అదే ల్యాబుకు, అవే గుణకాలతో. ల్యాబు మారిస్తే తగ్గినది విషమో, పద్ధతి తేడాయో చెప్పలేరు.